అంచు మీది గీత

శ్రీకాళహస్తి కలంకారీలో రంగు కంటే ముందు గీత వస్తుంది. కోరా గుడ్డను కరక్కాయ రసంలో, గేదెపాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరుకు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. పాలలోని కొవ్వు ఆ నలుపు గుడ్డపోగుల వెంట పాకిపోకుండా ఆపుతుంది. తుప్పుపట్టిన ఇనుపముక్కల్నీ బెల్లాన్నీ నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవమే ఇక్కడ సిరా. చింతబొగ్గుతో లేతగా వేసుకున్న గుర్తుల మీద, ఉన్ని చుట్టి దారంతో బిగించిన వెదురు కలంతో గీస్తారు. గుడ్డ మీద పడ్డ ఆ గీత ఇక చెరగదు. పటికతో వచ్చే ఎరుపూ, తర్వాతి పసుపూ నీలమూ అన్నీ ఆ గీత ఇచ్చిన గదుల్లోనే సర్దుకోవాలి. చేర్యాలలో వరస తిరగబడుతుంది. నకాషీ చిత్రకారుల పటంలో ముందు ఎర్రటి నేల, తర్వాత మిగతా రంగులు, అన్నీ ఆరాక చివర్న సన్నటి కుంచెతో నల్లగీత. ఒకచోట గీత రాబోయే రంగుకు గట్టు వేస్తుంది, మరోచోట వచ్చేసిన రంగుకు హద్దు చెబుతుంది. చెయ్యి ఇక్కడితో అయిపోయింది, ఇక్కణ్ణించి చీర మొదలైంది అని చూసేవాళ్లకు తెలియజెప్పడమే రెండుచోట్లా దాని పని.

ఈ గీత గురించి మనలో చాలామందికి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. వెలుగునీడలు పట్టుకోవడం చేతకాని కాలంలో, చేతనైనా వాటిని అచ్చు వేయడం కుదరని కాలంలో చిత్రకారులు సర్దుకుపోయిన పద్ధతి అదనీ, ఫొటో వచ్చాక ఆ అవసరం తీరిందనీ, ఇప్పుడది ముచ్చట కోసమే మిగిలిందనీ అంటారు. జరిగిన చరిత్ర చూస్తే ఈ మాట నిలవదు. ఫొటోను నమ్ముకున్న వృత్తులన్నీ ఒకదాని తర్వాత ఒకటి అంచు మీది గీత దగ్గరికే చేరాయి. మొదట కుంచెతో, తర్వాత డార్క్‌రూమ్‌లో ఫిల్ముతో, ఇప్పుడు లెక్కలతో. ఇవాళ ఫోనుతో తీసిన ఫొటో మామూలుగా ప్రతి అంచుకూ ఒకవైపు కాస్త నలుపు, మరోవైపు కాస్త తెలుపు పూయించుకునే మన కంటికి చేరుతుంది. షార్పెనింగ్ అని పిలిచే ఆ పని, కలంకారీ గీత చేసే పనికి దూరపు చుట్టం కాదు, తోబుట్టువే. వాటి మధ్య తేడా మరోచోట ఉంది. ఏ అంచు గీతకు తగినదో ఎవరు తేలుస్తున్నారు, దేన్ని చూసి తేలుస్తున్నారు అన్నదాంట్లో ఉంది.

ప్రకృతిలో గీతలే లేవు కదా, లేనిదాన్ని గీయడం అబద్ధం కదా అన్నది చాలా పాత అభ్యంతరం. లియొనార్డో డావించి తన రాతల్లో వస్తువుల చుట్టూ గీత పెట్టవద్దనే చెప్పాడు. తన బొమ్మల్లో బుగ్గ అంచునూ పెదవి కొసనూ పొగలాగా కరిగించి చూపించాడు. వెలుతురు సంగతి వరకూ ఆయన మాట నిజమే. కానీ చూసేది అద్దం కాదు, కన్ను. 1865లో ఎర్నెస్ట్ మాక్ ఒక విచిత్రాన్ని వివరించాడు. నలుపు నుంచి తెలుపుకు మెల్లగా మారే పట్టీని చూస్తే, ఆ మార్పు మొదలయ్యే కొసలో ఒక నల్లచారా, ముగిసే కొసలో ఒక తెల్లచారా కనిపిస్తాయి. కొలిచి చూస్తే కాగితం మీద అవి ఉండవు. ఇరవయ్యో శతాబ్దంలో కెఫర్ హార్ట్‌లైన్ గుర్రపునాడా పీత కంటిని పరీక్షించి, ఒక కణానికి వెలుతురు తగిలినప్పుడు అది పక్కకణాల జోరును తగ్గిస్తుందని చూపించాడు. దానివల్ల సమానంగా ఉన్నచోట సమాచారం తగ్గుతుంది, తేడా ఉన్నచోట ఆ తేడా పెద్దదవుతుంది. ఈ పనికి ఆయన 1967లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. పిల్లి మెదడులో ఫలానా వాలులో ఉన్న అంచుకే స్పందించే కణాలను కనిపెట్టిన హ్యూబెల్, వీజెల్‌లకు 1981లో వచ్చింది. అంటే కన్ను తన దారిన తను అంచులకు గీత పెడుతూనే ఉంది. చిత్రకారుడు ఆ పనిలో సగం కాగితం మీదే చేసి ఇస్తున్నాడు.

దీనికి ఎదురుగా ఇంకో మాట అనవచ్చు. గీతబొమ్మను గుర్తుపట్టడం అక్షరాలు నేర్చుకున్నట్టు నేర్చుకున్న విద్య కావచ్చు, పుట్టుకతో వచ్చిందని ఎలా అంటాం అని. 1962లో హాక్‌బర్గ్, బ్రూక్స్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్నకు సూటిగా తగులుతుంది. ఒక పిల్లవాణ్ణి పంతొమ్మిది నెలల వయసు దాకా బొమ్మలకు వీలైనంత దూరంగా, ఏ బొమ్మకూ పేరు చెప్పకుండా పెంచారు. వస్తువుల పేర్లు మాత్రం వస్తువుల్నే చూపించి నేర్పారు. తర్వాత గీతబొమ్మలు చూపిస్తే పిల్లవాడు వాటికి పేర్లు చెప్పాడు. ఒక్క పిల్లవాడి మీద చేసిన ప్రయోగం గనక దానిమీద మరీ ఎక్కువ బరువు మోపలేం. అయినా గీత కేవలం సంప్రదాయం నేర్పిన భాష అనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పుకోవాలి.

మన గోడల మీది బొమ్మలు కూడా ‘చేతకాక గీశారు’ అన్న మాటను ఒప్పుకోవు. అయిదో శతాబ్దపు అజంతా చిత్రకారులకు ముక్కు పక్క నీడ, భుజం మీద మెరుపు పెట్టడం బాగా తెలుసు. తెలిసీ జేగురు గీతతో మొదలుపెట్టి, రంగులు వేశాక మళ్లీ గీతతోనే ముగించారు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన లేపాక్షి గుడిలో బొమ్మలు పైకప్పు మీద ఉన్నాయి. మెడ ఎత్తి, స్తంభాల మధ్య మసక వెలుతురులో చూడాలి. జేగురు, పసుపు, ఆకుపచ్చ రంగుల్ని మెత్తగా కలిపేసి ఉంటే అక్కడ చీరల మీది బుటాలు దేవుడెరుగు, మనుషులే ఒకరిలో ఒకరు కలిసిపోయేవారు. ప్రతి ఆకారాన్నీ నల్లగీత విడదీసి పట్టుకుంది. చేర్యాల పటానిది మరో అవసరం. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతూ పటాన్ని గడి తర్వాత గడి విప్పుతూ పోతుంటే, ఊరి జనం దూరంగా కూర్చుని దీపం వెలుతురులో చూడాలి. యముడి పాశం ఎక్కడిదాకా వచ్చిందో, మార్కండేయుడి చేతులు లింగాన్ని ఎలా చుట్టుకున్నాయో వెనక వరసకు తెలియాలి. ఆ గడిలో ఏ అంచు ముఖ్యమో కథే చెబుతుంది. చిత్రకారుడు ఆ అంచునే తేటగా తీరుస్తాడు.

కథ లేనిచోట, శాస్త్రం కోసం గీసినచోట కూడా ఇదే ఎంపిక నడిచింది. దానికి మన తీరం మంచి సాక్ష్యం. ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఉండి, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. ఆయన 1793లో కలకత్తా వెళ్లిపోయాక, ఆ బొమ్మల నుంచి ఎంచినవి కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా మూడు సంపుటాల్లో, 300 ఫలకాలతో లండన్‌లో వెలువడ్డాయి. మొదటి సంపుటం 1795 నాటిది. దాదాపు అదే కాలంలో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి చేపల్నీ పాముల్నీ బొమ్మలుగా గీయించాడు. ఆయన పాముల పుస్తకం 1796లో, విశాఖలో సేకరించిన 200 చేపల పుస్తకం 1803లో వచ్చాయి. మొక్క బొమ్మను శ్రద్ధగా చూస్తే చిత్రకారుడు ఎంత వదిలేశాడో తెలుస్తుంది. ఆకు మీద ఆకు వేసే నీడ లేదు. వెనక నేల లేదు. పురుగు తిన్న చిల్లు లేదు. ఆకు అంచు రంపంలా ఉందా నున్నగా ఉందా, ఈనెలు ఎదురెదురుగా బయల్దేరాయా మార్చి మార్చి బయల్దేరాయా, పువ్వు కోస్తే లోపల కేసరాలు ఎలా నిలబడ్డాయి అన్నవి మాత్రం తిరుగులేకుండా ఉన్నాయి. ఆ పూట వెలుతురు ఏ అంచుకు మెరుపు ఇచ్చిందన్న లెక్కను పక్కన పెట్టి, జాతిని గుర్తుపట్టడానికి ఏ అంచు అక్కర అన్న లెక్క మీద వేసిన బొమ్మలవి. కొత్త జాతిని వర్ణించేటప్పుడు ఎంత మంచి కెమెరా ఉన్నా వృక్షశాస్త్రవేత్తలు ఇప్పటికీ గీతబొమ్మ జతచేసేది ఇందుకే.

రస్సెల్ పాముల్లో ఒకటి ఈ వాదానికి అనుకోని సాయం చేస్తుంది. స్థానికులు కాటుకరేకుల పొడ అంటారని ఆయన రాసుకున్న పాము అది. మనం రక్తపింజరి అంటాం. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. దాని ఒంటి మీది గోధుమరంగు మచ్చల్ని చూడండి. ప్రతి మచ్చ చుట్టూ నల్లటి వలయం, ఆ నలుపును ఆనుకుని బయట సన్నటి తెలుపు లేదా పసుపు అంచు. షార్పెనింగ్ ఎక్కువైన ఫొటోలో అంచు ఎలా కనిపిస్తుందో అచ్చం అలాగే. ఇంత స్ఫుటంగా గీతలు పెట్టుకున్న పాము ఎండుటాకుల్లో పడుకుంటే ఎందుకు కనపడదు? జంతువుల రంగుల మీద 1940లో పెద్ద గ్రంథం రాసిన హ్యూ కాట్ దీనికి కారణం చెప్పాడు. మచ్చల అంచులు అంత గట్టిగా పిలుస్తుంటే కన్ను వాటి వెంటే పోతుంది, అసలైన ఒంటి అంచును వదిలేస్తుంది. పనికిరాని అంచుకు పదును పెడితే వస్తువు దాక్కుంటుందన్నమాట. ఫొటోకు పదును పెట్టే సాఫ్ట్‌వేర్‌లన్నీ ఈ పాము నేర్పే పాఠం ముందు కాస్త తల వంచాల్సిందే.

ఇక అచ్చు సంగతి. గీత పట్ల చులకనకు అసలు మూలం ఇక్కడుంది, అందులో ఉన్న కొంత నిజమూ ఇక్కడే ఉంది. లెటర్‌ప్రెస్ రోజుల్లో బొమ్మను అచ్చు వేయాలంటే జింకు రేకును ఆసిడ్‌తో తినిపించి బ్లాకు చేయాలి. లైన్ బ్లాకుకు రెండే మాటలు తెలుసు: సిరా ఉంది, సిరా లేదు. ఫొటోలోని బూడిదరంగుల కోసం 1880లలో హాఫ్‌టోన్ పద్ధతి స్థిరపడింది. బొమ్మను జల్లెడలాంటి తెర గుండా తీసి చిన్నా పెద్దా చుక్కలుగా విడగొట్టడం దాని కిటుకు. నున్నటి ఆర్టు కాగితం మీద చుక్కలు దగ్గరగా ఉంచవచ్చు. న్యూస్‌ప్రింటు గరుకు, సిరాను పీల్చుకుంటుంది. అందుకని అంగుళానికి 65 వరసలకు అటూ ఇటూగానే ఆగాలి. అంత ముతక చుక్కల్లో ముందుగా కరిగిపోయేవి అంచులే. నల్లకోటు వేసుకున్న మనిషి నల్లటి తలుపు ముందు నిలబడితే, అచ్చులో మిగిలేది ఒక ముఖమూ ఒక మరకా. ఐరోపా, అమెరికా పత్రికాఫీసుల్లో రీటచింగ్ ఆర్టిస్టులు ఈ చిక్కును కుంచెతో విప్పారు. బ్లాకుకు పంపే ముందు ఫొటో మీదే భుజం వెంట తెల్లరంగు గీత లాగేవారు, దవడ కింద నలుపు పెట్టేవారు, వెనకున్న జనాన్ని బూడిదరంగుతో కప్పేసేవారు. ఆ పత్రికల పాత ఫొటోల మీద ఆ రంగు గీతలు ఇప్పటికీ పెచ్చులు కట్టి కనిపిస్తాయి. గీతను ఇంటికి పంపేస్తుందనుకున్న ఫొటో, అచ్చు గడప దగ్గరే దాన్ని చేయిపట్టుకుని లోపలికి తెచ్చుకుంది.

అలాగైతే పత్రికల్లో గీతబొమ్మ నిలిచింది జింకు పుణ్యమే కదా, అందులో చిత్రకారుడి గొప్ప ఏముంది అంటారు. 1947లో మొదలైన చందమామ లోపలి పేజీల్లో చిత్రా, శంకర్ వేసిన కథాచిత్రాలకు గీత ఆధారం కావడంలో బ్లాకుల ఖర్చుకు వాటా ఉంది, కాదనలేం. అదే పత్రిక అట్ట మీద వడ్డాది పాపయ్య నీటిరంగుల్లో అంచుల్ని పొగమంచులా కరిగించగలిగారంటే, రంగు బ్లాకుల ఖర్చు అట్టకు భరించారు గనకే. ఆయన బొమ్మలు గీతే గొప్పదనే మొండివాదానికి మంచి జవాబు కూడా. చీర కుచ్చిళ్లు నేలలో కలిసిపోయేలా వదిలేసి, కంటిరెప్ప దగ్గర మాత్రం గట్టిగా తేల్చడం కూడా అంచుల ఎంపికే. అయితే జింకు వాదం బాపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. బ్లాకులు పోయి ఆఫ్‌సెట్ వచ్చి, ఏ ఛాయనైనా అచ్చు వేయడం తేలికైపోయిన తర్వాత కూడా ఆయన 2014లో కన్నుమూసేదాకా గీతలోనే ఆలోచించారు. ముఖానికి నాలుగైదు గీతలు, జడకు ఒక్క ఊపు, వెనక గోడ ఉందో లేదో కూడా చెప్పరు. గీత ఒకచోట లావెక్కి, ఒకచోట సన్నబడి, ఒక్కోచోట తెగిపోతుంది. ఆ తెగినచోటును మన కన్ను పూరించుకుంటుందని ఆయనకు తెలుసు. సాంకేతిక అవసరమే గీతను పుట్టించి ఉంటే, ఆ అవసరం తీరిన రోజే బాపు గీత కూడా రిటైరయ్యేది.

గీతకు ఈ బలం ఎక్కణ్ణించి వస్తుందో 1956లో ర్యాన్, ష్వార్ట్స్ చేసిన ఒక ప్రయోగం చూపిస్తుంది. నాకు ఈ వాదం మొత్తంలో అన్నిటికంటే బరువైన సాక్ష్యం ఇదే. చెయ్యి, విద్యుత్ స్విచ్చి, ఆవిరి వాల్వు లాంటి వాటిని నాలుగు రకాలుగా చూపించారు: ఫొటో, నీడలతో వేసిన బొమ్మ, అంచుల్ని ఉన్నదున్నట్టు గీసిన గీతబొమ్మ, ముఖ్యమైన సంగతిని కాస్త అతిగా చూపించే కార్టూను. రెప్పపాటు మాత్రమే చూపించి, వేళ్లు ఎలా ఉన్నాయి, స్విచ్చి ఏ స్థితిలో ఉంది అని అడిగారు. అన్నిటికంటే తక్కువ సమయం సరిపోయింది కార్టూనుకు. అన్నిటికంటే ఎక్కువ సమయం కావలసి వచ్చింది, వింతగా, ఉన్నదున్నట్టు గీసిన గీతబొమ్మకు. ఫొటో, నీడల బొమ్మ మధ్యలో నిలిచాయి. రెండూ గీతలే, ఒకటి ఫొటోను గెలిచింది, ఒకటి ఫొటో చేతిలో ఓడింది. అంచులన్నిటికీ సమానంగా గీత పెట్టిన బొమ్మ ఓడిపోయింది. గీతలో మంత్రం లేదని, వదిలేయడంలో ఉందని అనిపించడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ ఫలితం పక్కన ఫొటో షార్పెనింగ్ చరిత్రను పెట్టి చూడండి. దాని మూలం కంప్యూటరు కాదు. 1930ల నాటికే అచ్చు, ఫొటో పనివాళ్లకు మాస్కుల కిటుకులు తెలుసు. వాటిలో మసక ఫిల్ము పద్ధతిని 1944లో జె.ఎ.సి. యూల్ వివరంగా రాశాడు. నెగటివ్ నుంచి కావాలనే మసకగా, పలచగా ఒక పాజిటివ్ ఫిల్ము చేస్తారు. దాన్ని నెగటివ్‌తో జతచేసి కాగితం మీదికి వెలుతురు పంపుతారు. బొమ్మలోని పెద్ద పెద్ద వెలుగునీడల్ని మసక ఫిల్ము కొంత కొట్టేస్తుంది. అంచుల్లోని సన్నటి తేడాల్ని మాత్రం కొట్టేయలేదు, ఎందుకంటే మసకలో అవి లేవు. ఇప్పుడు కాంట్రాస్టు పెంచితే అంచులు పొడుచుకొస్తాయి, ముదురువైపు మరింత ముదిరి లేతవైపు మరింత లేతబడుతుంది. రంగుల అచ్చుకు వాడిన డ్రమ్ స్కానర్లు ఇదే పనిని చిన్నదీ పెద్దదీ రెండు రంధ్రాల గుండా చూసి, రెండింటి తేడా తీసి చేశాయి. 1990లో ఫొటోషాప్ వచ్చాక అది మూడు అంకెల పని అయింది: ఎంత పెంచాలి, అంచుకు ఎంత దూరం దాకా, ఏపాటి తేడాను అంచుగా లెక్కించాలి. డిజిటల్ కెమెరాలకైతే ఇది తప్పనిసరి. 1976లో పేటెంటు పొందిన బేయర్ అమరికలో ప్రతి గడి ఒకే రంగును పట్టుకుంటుంది, మిగతా రెండింటినీ పక్కగడుల నుంచి ఊహించాలి, ఆ ఊహలో అంచు మెత్తబడుతుంది. పోయిన పదును తిరిగి తేవడంలో తప్పేమీ లేదు. అయితే ఈ పద్ధతికి వెలుతురు తేడా తప్ప మరేమీ కనపడదు. ముక్కు అంచూ, ముక్కు నీడ అంచూ, మొటిమ అంచూ, వెనక వేపచెట్టు ఆకుల అంచూ దానికి ఒకటే. అది ర్యాన్, ష్వార్ట్స్‌ల మూడో రకం బొమ్మ. మోతాదు మించితే రక్తపింజరి.

దీనికి న్యాయమైన ఎదురువాదం ఒకటుంది, దాన్ని దాటవేయడం తప్పు. ఎంచుకునే చెయ్యి పొరపాటు పడవచ్చు, కావాలని అబద్ధమూ ఆడవచ్చు. జనాన్ని బూడిదరంగుతో కప్పేసిన రీటచింగ్ ఆర్టిస్టు మనిషి అంచును తేటపరిచాడో, అక్కడ జరిగినదాన్ని మాయం చేశాడో ఎలా తెలుస్తుంది? పైగా ఏది ముఖ్యమో ఎవరికీ తెలియనిచోట ఎంపిక అడ్డంకే. ఆస్ట్రేలియాలో డేవిడ్ మాలిన్ 1970ల చివర్లో నక్షత్రాల ఫొటో పలకల మీద ఇదే మసక ఫిల్ము పద్ధతిని వాడాడు. 1980లో ఆయన, డేవిడ్ కార్టర్ కలిసి, మామూలు దీర్ఘవృత్తాకార గెలాక్సీల చుట్టూ బ్రహ్మాండమైన పలచటి పొరలున్నాయని ప్రకటించారు. అలాంటి పొరలుంటాయని ముందు తెలిసిన చిత్రకారుడెవరూ లేడు. ఎంచుకుని గీసే చెయ్యి వాటిని మరకలనుకుని వదిలేసి ఉండేది. కాబట్టి వెతుకులాటకు పక్షపాతం లేని యంత్రం మేలు, దొరికినదాన్ని మరొకరికి చూపడానికి ఎంచుకునే చెయ్యి మేలు. ఎక్స్‌రేలోనైనా, నేరపరిశోధన ఫొటోలోనైనా ఈ రెండు పనుల్ని కలిపేసినప్పుడే ప్రమాదం.

ఇప్పటి ఫోన్లు ఈ రెండో పనిలోకి అడుగుపెట్టాయి. ఫొటోను ముందు ముఖం, జుట్టు, ఆకాశం అని ముక్కలుగా గుర్తించి ఒక్కోదానికి ఒక్కో మోతాదు పదును ఇస్తున్నాయి: కనురెప్పలకు ఎక్కువ, చెంపకు తక్కువ, ఆకాశానికి సున్నా. అన్ని అంచులూ ఒకటి కావని తయారీదారులు ఒప్పుకున్నట్టే లెక్క. కాకపోతే ఆ మోతాదు లక్షల ముఖాలకు ముందుగానే ఒకేలా తేల్చి పెట్టినది. ముసలామె ముఖంలో ముడతలే ముఖ్యమైన ఫొటో ఉంటుందని దానికి ఎవరూ చెప్పలేదు. అందుకే పనితనం మీద పట్టింపు ఉన్న ఫొటోగ్రాఫర్లు ఆటోమేటిక్ షార్పెనింగ్‌ను తగ్గించుకుని, కంప్యూటరులో బ్రష్‌ టూలుతో ఎక్కడెక్కడ పదును కావాలో అక్కడే చేత్తో పూసుకుంటారు. పత్రికాఫీసు రీటచింగ్ బల్ల మీది పనే అది. కాకపోతే ఇక్కడ రంగు ఎండి పెచ్చులు కట్టదు. వాళ్ల చేతికి ఒక హద్దు మాత్రం అలాగే ఉంది. కెమెరాకు చిక్కిన అంచును వాళ్లు పెంచగలరు, తగ్గించగలరు. వెలుతురు చాలక కెమెరాకు అసలు చిక్కకుండా పోయిన అంచు ఉందనుకోండి, నల్లతలుపు ముందు నల్లకోటు భుజంలా, అక్కడ పదును పెట్టడానికి ఏమీ ఉండదు. అక్కడ ఎవరో ఒకరు గీత గీయాల్సిందే.